కాగితం ఒకనాడు, చక్రం ఒకనాడు

కొరియా నుంచి ఓడలో వచ్చిన ఆ తెల్లని చిన్న కారు గల్ఫులోని సొహార్ రేవులో దిగిన రోజు ఓంకార్ దాన్ని తాకలేదు. చుట్టూ ఒకసారి నడిచాడు. అద్దం మీద ఎవరో అంటించిన చీటీ ఇంకా ఉంది. దాని మీది అక్షరాలు అతనికి తెలియవు. ఏడేళ్లు ఏ ఊరి దారుల్లోనో తిరిగి, ఏ ఇంటి పిల్లలనో బడికి చేర్చి, ఒకనాడు అమ్ముడుపోయి, సముద్రం దాటి వచ్చిన బండి. చేయి చాచాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

అప్పటికి మూఢం మొదలై పది రోజులైంది.

సహంలోని ఒక గ్యారేజీలో అతను పదకొండేళ్లుగా డెంటింగ్ పని చేస్తున్నాడు. గుద్దుకున్నవి, బోల్తా కొట్టినవి, ఒంటెను ఢీకొన్నవి, ఎన్నో బండ్ల సొట్టలు తీసి సాపు చేశాడు. తనదంటూ ఒక్కటీ లేదు. భార్య కవిత కూడా పనికి ఈ దేశమే వచ్చింది. రుస్తాఖ్ దాటి కొండల్లోకి పోయే దారిలో, ఒక వాగు ఒడ్డున ఉన్న ఊరిలో, ఒక ముసలామె ఇంట్లో పనికి ఉంటోంది. ఆ ఇంటివాళ్లందరిలాగే కవిత కూడా ఆమెను మామా, అంటే అమ్మా, అని పిలుస్తుంది. ఒకే దేశంలో ఉన్నారన్న మాటే గాని, శుక్రవారం డ్యూటీ ముగించుకొని, మూడుచోట్ల టాక్సీ మారి, ఓంకార్ అక్కడికి చేరేసరికి పొద్దు వాలేది. చివరి టాక్సీ పోకముందే మళ్లీ బయలుదేరాలి. మధ్యన మిగిలేది ఇరవై నిమిషాలు. ప్రహరీ పక్కన నిలబడి, తెచ్చిన మాటల్లో సగం చెప్పి, సగం వెనక్కి తీసుకుపోయేవాడు. రెండేళ్లు అలాగే గడిచాయి.

రంజాన్ పండుగ కాగానే మామా తన కొడుకు దగ్గరికి సలాలా వెళ్లిపోతుందని, తనను కూడా తీసుకుపోతుందని కవిత చెప్పింది నవంబరులో. సలాలా అంటే ఎడారి దాటి వెయ్యి కిలోమీటర్లు. ఆమె క్యాలెండరు ముందు పెట్టుకొని లెక్కపెట్టింది. బండి రావలసిన డిసెంబరు నుంచి పండుగ దాకా పదిహేను శుక్రవారాలు. బండి ఉంటే పదిహేనూ మనవే అన్నది. ఆ ఒక్కమాట కోసమే ఓంకార్ కారు తెప్పించాడు.

అయితే అవ్వ ఉంది. మెట్‌పల్లి దగ్గర ఊళ్లో బీడీలు చుట్టే అతని తల్లి దేవవ్వ. శుక్రుడు సూర్యుని వెలుగులో మరుగుపడే ఆ రోజుల్ని మూఢమంటారు. అప్పుడు పెళ్లి చేయరు, ఇల్లు కట్టరు, బండి తీయరు. ఈ కట్టుబాటు అందరికీ ఉన్నదే. దేవవ్వకు మాత్రం అది ప్రాణం మీది సంగతి. పెద్దకొడుకు రఘుపతి మూఢంలో మోటారు సైకిలు తీశాడని, పంతొమ్మిదో రోజున కోరుట్ల రోడ్డు మీద పోయాడని ఆమె తొమ్మిదేళ్లుగా చెబుతోంది. అన్న బండి తీసినప్పుడు ఓంకార్ ఇక్కడే ఉన్నాడు. చావుకు కూడా మూడో రోజునే చేరగలిగాడు. అన్నను చూసుకోలేదు, బూడిదను చూశాడు. అందుకే కారు సంగతి చెప్పిన రోజు, మూఢం పోయేదాక చక్రం రోడ్డెక్కనీయకు కొడుకా అని అవ్వ అడిగితే, ఎక్కనీయనని మాట ఇచ్చాడు. మూఢం పోయేది ఫిబ్రవరి నడుమ.

అవ్వ కాలం ఒకటి. సర్కారు కాలం ఇంకొకటి.

టైపింగ్ ఆఫీసులో కాగితాలు చూసే ఖాదర్‌వలిది కడప. గల్ఫుకు వచ్చి ఇరవై ఏళ్లయినా ఆ మాట తీరు పోలేదు. ఓంకార్ మూఢం సంగతి చెప్పి, ఫిబ్రవరిలో రిజిస్టర్ చేయిద్దామంటే అతను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“అన్నా, నీ బండికి ఇప్పుడు ఏడేండ్లు. మనిషి మాదిరి పుట్టినరోజు చూసుకోదు అది. జనవరి ఒకటో తేదీ వచ్చిందంటే ఎనిమిది నడుస్తాయి. పన్ను వయసును బట్టి. ఈ నెలలోపల కాగితం పెడితే ఒక పన్ను, దాటితే ఇంకో పన్ను. ఆపైన ముసలి బండి అని రెండోసారి తనిఖీ అంటారు. మీ శుక్రుని కోసం కౌంటరు మూసుకుంటారా?”

“మాట ఇచ్చిన, భాయ్.”

“దేనికి ఇచ్చినావు మాట? చక్రానికి గదా. కాగితానికి చక్రాలు ఉండాయా?”

ఓంకార్‌కు అది దారిలా తోచింది. కాగితం సర్కారు కాలంలో, చక్రం అవ్వ కాలంలో. పన్నుకు పన్ను దక్కుతుంది, మాటకు మాట దక్కుతుంది. ఎవరికీ ద్రోహం చేయని ఉపాయమనే అతను నమ్మాడు.

కాని తనిఖీకి బండిని చూపించక తప్పదు. డిసెంబరు ముప్పైన, రేవు నుంచి గ్యారేజీకి తెచ్చినట్టుగానే, కారును రికవరీ లారీ మీదికి ఎక్కించి తీసుకుపోయాడు. మంచి బండిని చచ్చినదానిలా మోసుకొచ్చావేమిటని తనిఖీ చేసే పోలీసు అడిగాడు. ఇంజన్ పోయిందా, గేరు పోయిందా అని ఆరా తీశాడు. ఓంకార్ తనకు వచ్చిన అరబ్బీలో, ఏమీ పోలేదు, మా అమ్మ అన్నాడు. పోలీసు అతని ముఖంలోకి కాసేపు చూసి, బండి దింపమని చేయి ఊపాడు. తనిఖీ గీతల మధ్యన బండిని నడిపింది రికవరీ డ్రైవరు. పన్ను మీద మిగిలిన దానిలో సగం అతని కిరాయికే పోయింది. సాయంత్రానికి నంబరు పలక వచ్చింది, బండి ఎవరిదో చెప్పే ముల్కియా కార్డు వచ్చింది. కార్డు మీద ఓంకార్ పేరు, కింద ఆనాటి తేదీ.

కారును గ్యారేజీ వెనక షెడ్డులో దింపి, చక్రాలు నేల తాకకుండా దిమ్మెల మీద నిలబెట్టి, బూడిదరంగు గుడ్డ కప్పాడు.

కవితకు చెప్పలేదు.

చెబితే రమ్మంటుంది. మూఢమూ గీఢమూ ఆమె లెక్కచేయదు. రమ్మన్న మాటకు, రావద్దన్న మాటకు మధ్యన నిలబడే బలం తనకు లేదని అతనికి తెలుసు. అందుకని కాగితాలు ఇంకా కాలేదన్నాడు. మొదటి శుక్రవారం కౌంటరులో మనిషి లేడన్నాడు. రెండోసారి ముద్ర పడలేదన్నాడు. మూడోసారి ఆమే అడగలేదు. అబద్ధం ఫోనులో చెప్పగలిగాడు గాని, ప్రహరీ పక్కన నిలబడి ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పలేడు. కనుక టాక్సీల్లో వెళ్లడం కూడా మానేశాడు. ఓవర్‌టైమ్ ఉందన్నాడు. కారు కొనకముందు ఇరవై నిమిషాలైనా ఉండేవి. కారు కొన్నాక అవీ పోయాయి.

శుక్రవారం డ్యూటీ కాగానే షెడ్డులోకి పోయి గుడ్డ తీసేవాడు. బ్యాటరీ చచ్చిపోకుండా పది నిమిషాలు ఇంజన్ నడిపేవాడు. స్టీరింగు పట్టుకొని కూర్చునేవాడు. ఎదురుగా రేకు గోడ. కారు కదలకుండా మోగేది. అతనూ కదలకుండా వినేవాడు. మళ్లీ గుడ్డ కప్పేవాడు. అలా నాలుగు వారాలు.

ఐదో శుక్రవారం పొద్దున తొమ్మిది గంటలకు, డ్యూటీలో ఉండగా, కవిత ఫోను చేసింది. మామా నిన్న మధ్యాహ్నం మెట్ల మీద జారిందట. ఎముక విరగలేదు గాని, ఇక ఒంటరిగా ఉంచనని కొడుకు తెల్లవారేసరికి బండ్లతో దిగాడట. మధ్యాహ్నం జుమ్మా నమాజు కాగానే ప్రయాణం. గొంతు మామూలుగానే ఉంది. పిలవడానికి కాదు, చెప్పడానికి చేసినట్టు ఉంది.

“టాక్సీలల్ల నువ్వు అందుకోలేవు. నాకెరుకే. పోయినంక తెలిస్తే బాగుండదని చెప్తున్న.”

ఫోను పెట్టేశాక ఓంకార్ చేతిలోని సుత్తిని కింద పెట్టాడు. ఎవరినీ అడగలేదు. షెడ్డులోకి పోయి, గుడ్డ లాగి, జాకీ పెట్టి, ఒక్కొక్క దిమ్మెనూ తీశాడు. చక్రాలు నాలుగూ నేల మీద ఆనాయి. తాళం చెవి పట్టుకొని, తిప్పకముందు అవ్వకు ఫోను చేశాడు.

బీడీల చాట ముందు పెట్టుకొని ఉంటుంది ఆమె ఆ వేళకు. ఆకు కత్తిరించే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

“అవ్వా, బండి తీస్తున్న. మూఢం పోలే. నీకు చెప్పకుండ తీయ మనసొప్పలే.”

కత్తెర ఆగింది.

“కవితకేమన్న అయిందా?”

“ఏం కాలే. ఇయ్యాల్నే సలాలా పోతున్నది. నమాజు కాంగనే.”

ఫోను తెగిపోయిందేమోనని అతను తెర చూసుకున్నాడు.

“ఓంకారీ,” అన్నది దేవవ్వ. “మీ అన్న బండి మూఢంల తీయలే.”

అతనికి ఆ మాట అందలేదు.

“అయ్యగారిని అడిగి, దినం జూసి, గడియ జూసి తీపిచ్చిన. నిమ్మకాయలు నేనే పెట్టిన చక్రాలకింద. అంత మంచి గడియ ఆ ఏడు ఇంకొకటి లేదన్నడు అయ్యగారు. మరెట్ల పాయెనని వచ్చినోళ్లందరు అడిగిరి. నా దగ్గర జవాబు లేకపాయె. ఎవరో, మూఢంల తీసిన్రా అన్నరు. ఔనన్న. అనంగనే అడుగుడు బందయింది. ఆనాడు నాకు గూడ జెర నిద్రపట్టింది.”

“తొమ్మిదేండ్లు చెప్పకపోతివి అవ్వా.”

“ఏమని చెప్పాలె? మూఢం గాకపోతె ఇంకేంది కొడుకా? దానికేం పేరు పెట్టాలె?”

షెడ్డు రేకు మీద ఎండ టకటకలాడుతోంది.

“పో,” అన్నది ఆమె. “బెల్టు పెట్టుకో. మెల్లగ పో. చేరినంక చెప్పు.”

కత్తెర చప్పుడు మళ్లీ మొదలయ్యాక గాని ఆమె ఫోను పెట్టలేదు.

తీరం వెంబడి పోయే పెద్ద రోడ్డు మీద ఓంకార్ అరవై దాటనీయలేదు. పక్కనుంచి బండ్లు హారన్ కొట్టి దూసుకుపోతున్నాయి. అన్నను తలచుకున్నాడు. మంచి గడియలో, నిమ్మకాయల మీదుగా, నవ్వుతూ బయలుదేరిన అన్నను మొదటిసారి తలచుకున్నాడు. ఇన్నాళ్లూ అతని ఊహలో రఘుపతి తప్పు చేసినవాడు. ఆగలేక, చెప్పిన మాట వినక, కాలం మీద కాలు వేసినవాడు. ఇప్పుడు ఆ తప్పు జారిపోయింది. జారిపోయిన చోట ఏమీ మిగలలేదు. రోడ్డు మాత్రం ఉంది. సముద్రం వెనకబడింది, కొండలు ఎదురొచ్చాయి. అప్పుడు కాస్త వేగం పెంచాడు.

అతను చేరేసరికి పన్నెండు కావస్తోంది. మగవాళ్లు మసీదుకు బయలుదేరుతున్నారు. గేటు ముందు రెండు పెద్ద బండ్లు, కట్టిన మూటలు. నీడలో చక్రాల కుర్చీలో మామా కూర్చుని ఉంది. అతన్ని గుర్తుపట్టి, తల ఊపి, లోపలికి చూసి కవితను పిలిచింది. గంట సేపు విడిచిపెడుతున్నానన్నట్టు చేయి చూపింది.

కవిత వచ్చి కారును చూసింది. తర్వాత అతన్ని చూసింది. ముందు నవ్వింది. నవ్వు ముఖం మీద ఉండగానే నంబరు పలక కనబడింది.

“కాగితాలు కాలేదంటివి.”

అతను ముల్కియా తీసి ఇచ్చాడు. దాచడానికి ఇక ఏమీ లేదనిపించింది. ఆమె తేదీ దగ్గర వేలు పెట్టి చదువుకుంది. చదివి, వేళ్లు మడిచింది. నాలుగు.

ప్రహరీ పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, అతను అంతా చెప్పాడు. అవ్వకిచ్చిన మాట, ఖాదర్‌వలి లెక్క, రికవరీ లారీ, దిమ్మెలు, గుడ్డ, ఈ పొద్దుటి అవ్వ మాటలు. రఘుపతి సంగతి విన్నప్పుడు ఆమె చున్నీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంగు దించి అడిగింది.

“నాకు చెప్తే నేనేమంటననుకున్నవు?”

“రమ్మంటవనుకున్న.”

“అందునేమో. అనకపోదునేమో. అత్త మాట ఉన్నది, ఆగుదామందునేమో. నాలుగు శుక్రవారాలు నీతోని గూడి నేను గూడ ఆగేదాన్ని.”

అతను తల దించుకొని నిలబడ్డాడు. పన్నుకు ఒక కాలం, మాటకు ఒక కాలం అని పంచాడే గాని, ఆమె పాలు ఎక్కడా వేయలేదు.

కవిత లోపలికి పోయింది. కోపంతో వెళ్లిపోయిందనుకున్నాడు. కాసేపటికి మేడ మీంచి దిగి వచ్చింది. దోసిట్లో నాలుగు నిమ్మకాయలు. నల్లబడి, ముడుచుకొని, రాళ్లలా ఉన్నాయి. ఆ ఇళ్లలో కూరల్లోకి నిమ్మకాయలను మేడల మీద అలాగే ఎండబెడతారు.

“రేవుల బండి దిగిందని చెప్పిన్నాడే తెంపి పెట్టిన. మీద పెట్టి మరిచిపోలే. రోజూ చూసిన.”

“పచ్చివి లేవా?”

“చెట్టు నిండ ఉన్నయి,” అన్నది. “ఇవి ఈ బండికి తీసినయి.”

తనే వంగి, ఒక్కొక్క చక్రం ముందు ఒక్కొక్కటి పెట్టింది. మామా దూరంనుంచి చూస్తోంది. కవిత అతని పక్క సీటులో కూర్చుని, చున్నీ సర్దుకొని, బెల్టు పెట్టుకుంది. ఓంకార్ బండిని ముందుకు పోనిచ్చాడు. రసం చిమ్మలేదు. ఒకదాని వెనక ఒకటి పెటపెటమని చిట్లాయి. అద్దాలు దించి ఉన్నాయి. పులుపు, చేదు కలిసిన ఘాటు వాసన లోపలికి వచ్చింది.

వాగు వెంబడి, రోడ్డు ఆగిపోయే దాకా వెళ్లారు. అక్కడ ఇంజన్ ఆపి కూర్చున్నారు. సలాలాకు ఎంతసేపు పడుతుందని ఆమె అడిగింది. పది పన్నెండు గంటలన్నాడు. శుక్రవారానికి సాధ్యం కాదన్నది. కాదన్నాడు.

“అయితే పండుగకు రా. వచ్చే ముందు ఉన్నదున్నట్టు చెప్పు. రాలేకపోతె అది గూడ చెప్పు.”

“చెప్త.”

కొండల వెనక మసీదు మైకు మోగింది. ఆమె చేయి అతని చేతి మీద పెట్టింది, తీయలేదు. నమాజు ముగిసేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు.

కవితను గేటు దగ్గర దింపాక, పెద్ద బండ్లు రెండూ మలుపు తిరిగి కనుమరుగయ్యాయి. ఓంకార్ కారు దిగి చక్రాలు చూశాడు. టైరు గాట్లలో నల్లని తొక్క ముక్కలు ఇరుక్కొని ఉన్నాయి. తీయబోయి, తీయలేదు. ఫోను తీసి అవ్వకు కలిపాడు. మెల్లగానే వచ్చానని, అందుకున్నానని చెప్పాడు.