శుక్రవారం సంతకం

దయారత్నం మూడో బెంచీ దగ్గర ఆగి, మెడలోని విజిల్‌ను నోట్లో పెట్టుకున్నాడు. గట్టిగా ఊదనక్కర్లేదు. చెవి పక్కన సన్నగా ఒక్క కూత చాలు, పుస్తకం మీద వాలిన తల ఉలిక్కిపడి లేస్తుంది. అమీర్‌పేటలో దుకాణాల పైన, నాలుగో అంతస్తులో నడిచే ఈ జూనియర్ కాలేజీలో పీఈటీ సారు పని అదే. ఆటస్థలం లేని కాలేజీకి ఆటల మాస్టారు దేనికయ్యా అంటే, తనిఖీకి వచ్చేవాళ్ళు అడుగుతారు కాబట్టి. మిగతా రోజుల్లో స్టడీ అవర్‌లో కునికేవాళ్ళను లేపాలి.

యాభై రెండేళ్ళు వచ్చాయి. పొట్ట ట్రాక్‌ప్యాంటు నాడాను దాటి ముందుకొచ్చింది, మెట్లెక్కితే ఎడమ మోకాలు కలుక్కుమంటుంది. ఒకప్పుడు జిల్లా ఖోఖో జట్టులో ఇతన్ని ముట్టుకోగలిగినవాడు లేడంటే ఇప్పుడెవరు నమ్ముతారు? భార్య లీలాకుమారి నమ్ముతుంది. పాపం, ఆమె కళ్ళారా చూసింది.

టైంటేబుల్లో శుక్రవారం ఆఖరి పీరియడు ఆటలది. లెక్కల సారు వచ్చి పాఠం చెప్పుకుంటాడు. దయారత్నం వెనక కూర్చుని ఆటల రిజిస్టర్ తెరిచి, ఖోఖో అనో త్రోబాల్ అనో రాసి సంతకం పెడతాడు. మొదట్లో మనసొప్పేది కాదు. అన్నం పెట్టే చోట పేచీ ఎందుకని సర్దుకున్నాడు. ఇప్పుడు నాలుగు వారాలవీ ఒక్కసారే కానిచ్చేస్తాడు.

సెకండియర్ జువేరియా ఒక్కతే అడిగేది. బళ్ళో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం గంటన్నర ఖోఖో ఆడిన పిల్ల. "జరసేపు ఆడిపియ్యుండ్రి సార్, తల బరువెక్కుతుంది" అనేది. పరీక్షలు కానీ తల్లీ అనేవాడు. దసరా ముందు అడిగింది, క్రిస్మస్ ముందు అడిగింది. ఆ తర్వాత అడగలేదు. డబ్బా తెరిచి తినడమూ మానేసింది. కళ్ళు తెరుచుకునే కూర్చునేది కాబట్టి విజిల్ అవసరం పడలేదు. బుద్ధిగా చదువుకుంటోందని మురిసిపోయాడు, తెలివితక్కువ మనిషి.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ రాగసుధ మేడమ్ పిలుస్తున్నారని అటెండర్ ఓదెలు వచ్చి చెప్పాడు. గదిలో జువేరియా తండ్రి కమాల్ నిలబడి ఉన్నాడు. పంజాగుట్టలో దర్జీ. జేబుకు గుచ్చుకున్న సూదికి దారం ఇంకా వేలాడుతోంది. పక్కన జువేరియా, బుగ్గలు లోపలికి పోయి. పిల్లకు నెల రోజులుగా నిద్ర లేదనీ, డాక్టరు కొన్నాళ్ళు చదువు ఆపమన్నాడనీ, టీసీ తీసుకుపోతున్నాననీ కమాల్ చెప్పాడు. చెప్పి దయారత్నం చేతులు పట్టుకున్నాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సార్. మీరు ఆటలు ఆడిపిస్తలేరని మా పిల్ల అబద్ధం చెప్పింది. మొన్న నేనొచ్చి అడిగితే మేడమ్ రిజిస్టర్ చూపిచ్చింది, ప్రతి శుక్రవారం మీ సంతకం ఉన్నది. ఇంటికి పోయి గట్టిగ కొట్టిన. పెద్దగైనంక గదే మొదటిసారి."

జువేరియా దయారత్నం కళ్ళలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇప్పుడైనా చెబుతాడేమోనన్న ఆశ ఉంది. మేడమ్ కూడా అతన్నే చూస్తోంది. చెప్పాల్సింది ఒక్క మాట.

"పర్వాలేదు భాయ్, చిన్నపిల్ల" అన్నాడు దయారత్నం.

జువేరియా తల దించుకుంది. "పోతున్న సార్" అంది.

వాళ్ళు దిగిపోయాక గానీ సిగ్గు రాలేదు. ఛీ, ఇదేం బతుకు అనుకుంటూ మెట్ల మీద పరుగెత్తాడు. రెండో అంతస్తుకే ఊపిరి అందలేదు. రెయిలింగ్ పట్టుకుని దిగేసరికి వాళ్ళెక్కిన షేర్ ఆటో కోచింగ్ పిల్లల గుంపు దాటి పంజాగుట్ట వైపు వెళ్ళిపోయింది. పిల్ల అబద్ధం చెప్పలేదని అతను అరిచిన అరుపు హారన్లలో కలిసిపోయింది. రేపు దుకాణానికి వెళ్ళి చెబుదాం అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే, వెళ్ళడని అతనికే తెలిసిపోయింది.

పైన స్టడీ అవర్ మొదలైంది. జువేరియా చోటులో ఇంకొకరిని కూర్చోబెట్టబోతూ డెస్కు అరలో చెయ్యి పెడితే ఒక కవరు తగిలింది. అందులో తెల్ల కాన్వాసు బూట్లు. దుకాణంలో లేసులకు వేసిన ముడి అలాగే ఉంది. అడుగున ఎక్కడా మట్టి లేదు.