హన్మకొండ నుంచి వరంగల్‌కు, కిటికీ చూపు

1982 జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఆరున్నరకు, హన్మకొండ ఎగ్జిబిషన్‌లోని రైలు ఆటలో కూర్చున్న యాకయ్య అనే రైతు, ఆట అయిపోయాక దిగనన్నాడు.

ఆట కాశిబుగ్గ నేతగాడు సారంగపాణిది. లారీ చెక్కలతో చేసిన పెట్టె, లోపల ఒక బల్ల, ముందొక రేకు, పక్కనొక రేకు. ముందు రేకు ఎత్తితే పట్టాలు గీసిన బట్ట పైనుంచి కిందికి జారుతుంది. అది డ్రైవర్ చూపు. అదే బట్టను ఎదురు తిప్పితే పట్టాలు దూరం పోతాయి. అది గార్డు చూపు. పక్క రేకు ఎత్తితే పత్తి చేలు, కరెంటు స్తంభాలు, బర్రెలు కదులుతాయి. అది కిటికీ చూపు. లోపలివాళ్లు "చూపు మార్చు!" అని అరిస్తే సారంగపాణి ఒక రేకు దించి ఇంకోటి ఎత్తేవాడు. అతని భార్య సరస్వతి చేత్తో హ్యాండిల్ తిప్పుతూ, కాలితో పెట్టెను ఊపుతూ, నోట్లో ఈల పెట్టుకుని కూత వేసేది. బోర్డు మీద "హన్మకొండ – వరంగల్" అని ఉంది. హన్మకొండకు రైలు లేదు. జనం అందుకే ఎక్కేవారు.

బట్ట తిరగడానికి కర్రలు కావలసి వచ్చి సారంగపాణి తన మగ్గం విప్పేశాడు. ఆట ఉంటేనే తిండి. గేటు పక్క జాగా అతనికే ఉంచాలా, రంగులరాట్నం వాళ్లకివ్వాలా అన్నది ఏడింటికి వచ్చి చూసి చెబుతానని కమిటీ సెక్రటరీ రాజేశ్వర్ రావు కబురు పంపాడు.

"మామా, ఆట అయిపోయింది. దిగు," అన్నాడు సారంగపాణి.

"స్టేషన్ రాలే కదా బిడ్డా."

"స్టేషన్ లేదే మామా. ఇది బొమ్మ రైలు."

"బొమ్మదని నాకెరుక లేదా? టికెట్ తీసుకున్ననా లేదా? వరంగల్ అని రాసినవా లేదా?"

యాకయ్యది నర్సంపేట దగ్గరి పల్లె. అతని తమ్ముడు నడుస్తున్న బండి దిగబోయి కాలు పోగొట్టుకున్నాడు. ఆ రోజు వాళ్ల తల్లి యాకయ్య చేయి తన నెత్తిన పెట్టించుకుని, స్టేషన్ వస్తే తప్ప రైలు దిగనని ఒట్టు వేయించింది. తల్లి ఇంకా బతికే ఉంది. బొమ్మ రైలుకు ఒట్టు వర్తించదని ఆమె చెప్పలేదు.

"ఒట్టు తప్పితే మా అవ్వ నెత్తి మీదికొస్తది. నీ ఆట కోసం తప్పుదునా?" అన్నాడు యాకయ్య.

సరస్వతి హ్యాండిల్ వదిలేసింది. "ఆపిన. ఇగ దిగు మామా."

యాకయ్య కిటికీలోకి తొంగిచూశాడు. "పత్తి చేన్ల ఆగింది. సిగ్నల్ ఇయ్యలేదేమో. తిప్పు బిడ్డా, ఫికర్ లేదు, నేను కూసుంట."

అతని భార్య సమ్మమ్మ బయట నిలబడి పల్లీలు తింటోంది.

"అవ్వా, మీ ఆయనకు జర చెప్పు," అన్నాడు సారంగపాణి.

"పెండ్లయినకాడి నుంచి చెప్తాన్న," అంది సమ్మమ్మ.

కిటికీ బట్టలో స్టేషన్ లేకపోవడానికి కారణం సారంగపాణే. బట్ట ఆగకుండా తిరగాలని రెండు కొసలూ కలిపి కుట్టాడు. ఈ కొసన పత్తి చేను, ఆ కొసన పత్తి చేను. చాళ్లు చాళ్లలో కలిశాయి. అతుకు ఎక్కడుందో చూపమని తోటి నేతగాళ్లతో పందెం కాశాడు. ఎవరూ చూపలేకపోయారు. స్టేషన్ గీస్తే అది మళ్లీ మళ్లీ వచ్చి, బండి గుండ్రంగా తిరుగుతోందని జనానికి తెలిసిపోతుంది.

"స్టేషన్ గియ్యమని మొత్తుకున్న," అంది సరస్వతి. "అతుకు బయటపడ్తదంటివి. ఇప్పుడు జాగ పోతే ఆ అతుకు మీదనే పండుకుందాం పా."

ఏడింటికి రాజేశ్వర్ రావు వచ్చాడు. లోపలికి పోతుంటే యాకయ్య మోకాళ్లు జరిపి దారి ఇచ్చాడు. రాజేశ్వర్ రావు డ్రైవర్ చూపు చూశాడు, గార్డు చూపు చూశాడు, కిటికీ చూపు చూశాడు. "సరే, చాలు," అని లేచాడు. ఈసారి యాకయ్య మోకాళ్లు జరపలేదు.

"నడిమిట్ల దిగొద్దు సారూ. మా తమ్ముని కాలు గట్లనే పోయింది."

"జరుగయ్యా, నేను కమిటీ సెక్రటరీని!"

"వాడు పంచాయతీ మెంబరు సారూ. అయినా పోయింది."

రాజేశ్వర్ రావు గోడ గుద్దాడు. "సారంగపాణీ! ఈ బండి ఎక్కడన్న ఆగుతదా లేదా?"

సారంగపాణి కత్తెర తీసుకుని పెట్టె వెనక్కి పోయాడు. వేళ్లతో తడిమి అతుకు పట్టుకున్నాడు.

"ఏం చేస్తాన్నవయ్యా?" అంది సరస్వతి.

అతను కుట్టు కోశాడు. "మెల్లగ తిప్పు," అన్నాడు.

కిటికీలో పత్తి చేను వచ్చింది, బర్రె వచ్చింది, మళ్లీ పత్తి చేను వచ్చింది. తర్వాత బట్ట అయిపోయింది. దాని వెనక ట్యూబులైట్లు, జనం, మిర్చి బండి కనిపించాయి. "వేడి వేడి మిర్చీ!" అని బండివాడు అరుస్తున్నాడు. సరస్వతి బోర్డు ఊడదీసి కిటికీ ముందు పట్టుకుని, "హన్మకొండ" మీద కొంగు కప్పి, ఈల ఊదింది.

యాకయ్య అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. తర్వాత సమ్మమ్మను చూశాడు.

"నువ్వెప్పుడొచ్చినవే?"

"బస్సుల వచ్చిన. నీ రైలు లేటు. దిగు."

యాకయ్య కుడికాలు ముందు పెట్టి దిగాడు. అతని వెనక రాజేశ్వర్ రావు దిగాడు.

"మూటేదే?" అన్నాడు యాకయ్య.

మూట టికెట్ల బల్ల కింద ఉంది. సమ్మమ్మ దాన్ని చూసింది, మొగుణ్ని చూసింది.

"హన్మకొండలనే ఉన్నది," అంది.

"మరి పోవాలె కదా. బిడ్డా, హన్మకొండకు రెండు టికెట్లియ్యి."

సారంగపాణి అప్పటికే సూదిలో దారం ఎక్కించాడు. ఆ మాట విని సూదిని చొక్కాకు గుచ్చుకుని, బట్ట కొసలు రెండూ చెరో కర్రకు కట్టాడు. సరస్వతి కొంగును "హన్మకొండ" మీద నుంచి తీసి "వరంగల్" మీద కప్పింది.

గేటు దాకా పోయిన రాజేశ్వర్ రావు వెనక్కి వచ్చాడు.

"నాకొకటియ్యి. స్కూటర్ హన్మకొండల పెట్టొచ్చిన."

"ఏ చూపు సార్?"

"కిటికీ. స్టేషన్ వచ్చేటప్పుడు చెప్పు."

సరస్వతి హ్యాండిల్ ఎదురు తిప్పింది. మర్నాడు పొద్దున రంగులరాట్నం వాళ్లు గేటుకు దూరంగా, మైదానం అవతలి కొసన గుంతలు తవ్వుకున్నారు.