కాయని చెట్టు

మోకాలి లోతు ఊటనేలలో నిలబడి వదిన ఆకు కోస్తోంది, పోయిన ఏడాది విషజ్వరంతో చనిపోయిన మా కనకరత్నం వదిన, కుచ్చిళ్ళు పైకి దోపుకుని. నేనూ అవే నీళ్ళలో ఉన్నాను గాని నాకు పీకల దాకా వస్తున్నాయి, సిగ్గుతో కాళ్ళు కదలడం లేదు. మా కాఫీతోట దిగువన ఈ ఎర్రపళ్ళ చెట్లు రెండే ఉండేవి. వీటి ఆకు పెనం మీద వేయించి, బెల్లం వేసి మరిగిస్తే టీ కన్నా బాగుంటుందని మాకు అలవాటు చేసింది ఆవిడే.

"ఏటి సూరిబాబూ, అంత ఎడంగా నిలబడ్డావు? రెండో చెట్టేదీ?"

"కొట్టించేశాను వదినా. ఇన్నేళ్ళూ ఒక్క పండు కాస్తే ఒట్టు. గొడ్డుచెట్టు కదా అని..."

మాట జారాక గాని ఎవరి ముందు అన్నానో తెలియలేదు. పన్నెండేళ్ళు మా అమ్మ ఆవిడను ఆ మాటతోనే పొడిచింది. గొడ్రాలు ఎదురొచ్చిందని, బయల్దేరినవాణ్ణి వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగిన ఘనుణ్ణి నేను.

వదిన నవ్వుతుంది. "ఓరి పిచ్చిమారాజా, అది గొడ్డు కాదు, మగది. ఈటిల్లో ఆడచెట్టే కాస్తాది, మగది పూసి ఊరుకుంటాది. అది పోయాక ఇదీ కాయడం మానేసింది. రేపు దీన్నీ గొడ్డంటారు."

ఊటనేల ఎప్పుడు ఆసుపత్రి వరండా అయిందో, నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి, బెంచీ మీద అన్నయ్య తల దించుకుని కూర్చున్నాడు, లోపం తనదేనని డాక్టరు రాసిచ్చిన కాగితం నా చేతిలో ఉంది, "అమ్మకి చెప్పకురా, మీ వదినకి అసలే చెప్పకు" అంటున్నాడు, ఎనిమిదేళ్ళ కిందట ఊపినట్టే నేను తల ఊపుతున్నాను.

"నాకు తెలుసు వదినా," అంటాను. "అమ్మ నిన్ను తిడుతుంటే అన్నీ తెలిసి కుక్కిన పేనులా అన్నం తిన్నాను."

ఆవిడకు కోపం రాదు, అదే నేను భరించలేను. వేడి గ్లాసు నా చేతిలో పెట్టి, "ఇప్పుడు నాకేటి పనికొస్తాది బాబూ?" అంటుంది. "మీ అన్నకి మళ్ళీ పిల్లని చూస్తన్నారంట గదా. ఆ పిల్ల తరపోళ్ళకి చెప్పు."

"అన్నయ్య పరువు..." అంటుండగానే నోట్లోకి నీళ్ళు వచ్చేస్తాయి.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం నిద్ర, ఒళ్ళంతా చెమట. పిల్ల తరపువాళ్ళు చెప్పిన వేళ కంటే ముందే వచ్చినట్టున్నారు, ముందుగదిలో మాటలు వినిపిస్తున్నాయి.

"మా పెద్దోడికి ఏ లోపమూ లేదండీ, ఆ పోయినదానికే కడుపు పండలేదు," అంటోంది అమ్మ. "కావాలంటే మా చిన్నోడ్ని అడగండి. ఒరే సూరీ, ఇలా రా!"

నేను వెళ్ళేసరికి పిల్ల తండ్రి కాస్త జరిగి బల్ల మీద నాకు చోటిచ్చాడు.

"చెప్పండి బాబూ," అన్నాడు.