మైసన్న బయాను

ఎల్లారెడ్డి మున్సిఫ్ కోర్టులో మున్సిఫ్ సాహెబును మొహం మీదే తిట్టి, తన కాళ్లతో ఇంటికి తిరిగి పోయినవాడు మైసన్న ఒక్కడే. తన కాళ్లతో అంటే ఒక కాలితో అనుకోండి. రెండోది పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఈడ్చుకు రావాల్సిందే. ఆ పక్కన పెండ్లాం ఈరవ్వ భుజమే ఆయనకు ఆసరా.

అది జర్మనీ లడాయి మొదలైన ఏడు. మొదటి వాయిదా నాడు పేష్కారు లేచి, "నీ పేరేంది?" అని అడిగాడు. మైసన్న పెదవులు కూడదీసుకుని, మెడ నరాలు ఉబ్బేదాకా తంటాలు పడి, చివరికి "నీ పాడుగాను" అన్నాడు. తండ్రి పేరు అడిగితే అదే. ఊరు అడిగితే అదే. కోర్టు భాషేమో ఉర్దూ. బయాను, అంటే మనిషి కోర్టులో చెప్పిన మాట, పొల్లు పోకుండా ఉర్దూలోకి దించడం పేష్కారు కొలువు. ఆయనకు కొలువంటే భక్తి. 'నువ్వు సర్వనాశనమైపో' అని ముద్దు ముద్దు అక్షరాలతో మూడుసార్లు రాసి, గొంతు సవరించుకుని మున్సిఫ్ సాహెబుకే చదివి వినిపించాడు. సాహెబు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈరవ్వకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మతి ఉన్నవాడు అనే మాటేనా ఇది హుజూర్ అని అవతలి వకీలు మురిసిపోయాడు.

కేసు వేసింది బయటివాళ్లు కాదు, మైసన్న సొంత తమ్ముడు పోచన్న. అన్నకు మతి పోయింది, పిల్లాజెల్లా లేరు, కాబట్టి ఆయన భూమికీ ఇంటికీ ఆయనకూ తననే పెద్దదిక్కుగా పెట్టమని అర్జీ. పోచన్న దుర్మార్గుడేం కాదు, ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. తల్లి చనిపోయిన నాటి నుంచి అన్న చేతుల మీద పెరిగినవాడే. అన్న మంచాన పడ్డాడని పరుగెత్తుకొచ్చి పలకరిస్తే అన్న "నీ పాడుగాను" అన్నాడు. మళ్లీ వస్తే మళ్లీ అదే. తిట్టించుకోవడానికి ఎవరు మాత్రం ఎన్నిసార్లు వస్తారు? ఇటు చూస్తే దున్నే చేతులు లేక పొలం పడావు పడేట్టుంది. వదినె ఈరవ్వను అడుగుదామంటే ఆమె నోరంటే జంకు. అందుకని కోర్టుకు పోయాడు.

భూమి చేజారుతుందని ఈరవ్వకు భయం లేదని కాదు. కానీ అంతకంటే ఎక్కువ మంట ఇంకొకటుంది. కోర్టు ఔనంటే మైసన్న సర్కారు లెక్కలో పిచ్చోడు. ఆయన వేలిముద్రకు విలువ ఉండదు, ఆయన ఔనన్నా కాదన్నా అడిగేవాడుండడు, మూలన పెట్టిన రోకలికీ ఆయనకూ తేడా ఉండదు. రోగం నోరు తీసుకుపోయింది, సరే. మిగిలిన మనిషిని కాగితం మీద వీళ్లు తీసుకుపోతామంటే ఊరుకోవాలా? ఆయన మతి ఎక్కడికీ పోలేదని ఆమెకు తెలుసు. పొద్దున లేవగానే అనే "నీ పాడుగాను" వేరు, నీళ్లు కావాలన్నప్పటిది వేరు, దోమ కుట్టినప్పటిది వేరు. మొగుడూ పెండ్లాం ఆ ఒక్క మాటతోనే రోజంతా కాపురం చేస్తున్నారు. ఇది తమ వకీలుకు విడమరిచి చెబితే ఆయన జాలిగా చూసి ఇంకో వాయిదా అడిగాడు.

కామారెడ్డి దవాఖానలో డాక్టరు స్వామిదాసు మాత్రం జాలిగా చూడలేదు. సంబరంగా చూశాడు. ముక్కు పట్టుకోమన్నాడు, కిటికీ చూపించమన్నాడు, బల్ల మీది చెంచా తీసి ఈరవ్వకు ఇమ్మన్నాడు. మైసన్న అన్నీ చేశాడు, చేసిన ప్రతిసారీ తిట్టాడు. తలలో మాట పుట్టే చోటు వేరు, మాటకు రాగం పుట్టే చోటు వేరు, ఈయనకు మొదటిదానికి తాళం పడి రెండోది బార్లా తెరుచుకునే ఉందని డాక్టరు చెప్పాడు. అన్ని మాటలూ పోయి ఒక్క తిట్టు మిగలడం పుస్తకాల్లో చదివాడట, కళ్లారా చూడటం ఇదే మొదలట. ఈరవ్వకు ఒళ్లు మండింది.

"నా మొగని నోరు పోతె నీకు పండుగయినట్టున్నది గద సాబు" అంది.

డాక్టరు నాలుక కరుచుకున్నాడు. తప్పు ఒప్పుకుని, ఇట్లాంటి పండుగ చేసుకునేవాడు ఇంకొకడు ఊళ్లోనే ఉన్నాడు, అతని దగ్గర మీ కేసుకు పనికొచ్చే వస్తువు ఒకటుంది, కూర్చోండని చెప్పి, అతని కోసం మనిషిని పంపాడు.

ఆ ఇంకొకడు దోమకొండ నర్సింహులు. హైదరాబాదులో పెద్ద చదువు చదివి, ఈ తావు జనం ఎట్లా మాట్లాడతారో పరిశోధన చేస్తానని ఒక పాత ఫోనోగ్రాఫు పెట్టె మోసుకుని తిరుగుతున్నాడు. అది ఉన్న పాట పాడి ఊరుకునే పెట్టె కాదు. బూర ముందు మనం మాట్లాడితే మైనపు గొట్టం మీద గీసుకుని, మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుంది. పాపం, నర్సింహులు కష్టం పగవాడికి కూడా వద్దు. కామారెడ్డి బజారులో అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి, బూర ముందు కూర్చోగానే సర్కారు వింటుందేమోనని నిటారుగా బిగుసుకుని, వచ్చీ రాని ఉర్దూలో సలాములు మొదలుపెట్టేవాడు. భూదవ్వ అనే ముసలామె అయితే బూరలోకి తొంగి చూసి, లోపల ఎవరూ లేరని తేల్చుకుని, ఎవరూ లేని చోట ఎవరితో మాట్లాడాలని లేచిపోయింది. తెలుగు కోసం తెచ్చిన గొట్టాల్లో ముప్పాతిక సలాములతోనే నిండిపోయాయి.

మైసన్న ఆ బూరను చూడగానే ఉన్న గొంతంతా పెట్టి "నీ పాడుగాను" అన్నాడు. నర్సింహులు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చేతులు పట్టుకుని మొక్కినంత పని చేశాడు.

తర్వాత డాక్టరూ నర్సింహులూ కలిసి ఒక పన్నాగం పన్నారు. పెట్టె బండి మీద వేసుకుని ఎల్లారెడ్డి వచ్చి, ముందుగా ఈరవ్వను ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఆమె చూడకూడదు, వినకూడదు, అప్పుడే పరీక్ష చెల్లుతుందట. నా ఇంట్లో నుంచి నన్నే గెంటే మొనగాళ్లు పుట్టారా అని సణుక్కుంటూ ఆమె పోయి నీళ్లు చేదే బాయి గడ్డ మీద కూర్చుంది. లోపల వాళ్లు మైసన్నకు ఏవేవో చూపించారు, ఏవేవో అడిగారు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా కొత్త గొట్టం పెట్టారు. ఒక్కో గొట్టాన్ని ఒక్కో డబ్బాలో దాచి, డబ్బాకొక రంగు దారం కట్టారు.

వాయిదా నాడు పొద్దున, ఏ దారం దేనిదో మున్సిఫ్ సాహెబుకూ అవతలి వకీలుకూ సాహెబు గదిలోనే చెప్పేశారు. ఈరవ్వ గొట్టాలు విని వాటి అర్థం చెబితే మైసన్నకు మతి ఉన్నట్టు, చెప్పలేకపోతే అర్జీ మంజూరు చేసుకోవచ్చు అని నర్సింహులు చదువుకున్న ధీమాతో మాట కూడా ఇచ్చేశాడు. బయటికొచ్చి ఆ సంగతి ఈరవ్వకు చెప్పాడు.

"గొట్టంల మొఖం కనవడదు గద బిడ్డా" అంది. "ఆయన కండ్లు సూడకుంట నేనెట్ల జెప్పాలె?"

నర్సింహులుకు ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది.

మైసన్నను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల కాలు పెట్టే సందు లేదు. మైనం ముద్దకు సాక్ష్యం చెప్పే హక్కు ఏ చట్టంలో ఉందని అవతలి వకీలు ఎగిరాడు. ఎందులోనూ లేదని మున్సిఫ్ సాహెబు ఒప్పుకున్నాడు. సాక్షి ఈ పెట్టె కాదు, ఈమె, పెట్టె మాటను మోసుకొచ్చే బండి మాత్రమే అని, ఎర్ర దారం డబ్బా తన చేత్తోనే తీసి ఇచ్చాడు.

బూర గరగరలాడింది. ఆ గరగరలోంచి మైసన్న గొంతు సన్నగా, పక్క ఊళ్లో నుంచి వచ్చినట్టు "నీ పాడుగాను" అంది. జనం గొల్లుమన్నారు. ఈరవ్వకు ఏమీ తోచలేదు. తన మొగుడిని తానే పిచ్చోణ్ణి చేసి ఇంటికి తీసుకుపోతానేమోననుకుంది. ఇంకోసారి పెట్టమని అడిగి, కళ్లు గట్టిగా మూసుకుంది. ఈసారి మాట చివర చిన్న సాగదీత వినిపించింది, నాలుక అంగిలికి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. అది ఆమెకు రోజూ తెలిసిన చప్పుడే, కంచం ముందు కూర్చున్నప్పటిది.

"గట్కల ఉప్పు లేదు" అంది కళ్లు తెరవకుండానే.

పేష్కారు అది ఉర్దూలో చెప్పగానే మున్సిఫ్ సాహెబు డాక్టరు వైపు చూసి నవ్వాడు. ఆ నాడు వాళ్లు మైసన్నకు పెట్టింది ఉప్పు వేయకుండా ఉడికించిన జొన్నరవ్వ గట్కే. వెనక ఎవడో చప్పట్లు కొడితే బంట్రోతు కసిరాడు. ఈరవ్వ ఆ సంబరం పట్టించుకోలేదు. రోగమొచ్చిన మనిషికి చప్పిడి గట్క పెడతారా, మీకు బుద్ధుందా అని డాక్టరును అక్కడికక్కడే కడిగేసింది.

ఆకుపచ్చ దారం డబ్బా విప్పారు. ఈసారి మాట మెత్తగా, లోపల నవ్వు దాచుకున్నట్టు వచ్చింది. ఎవరో పసిబిడ్డను ఎత్తుకొచ్చి ఆయన పక్కన వేశారని చెప్పింది ఈరవ్వ. అవతలి వకీలు ఒక్క ఉదుటున లేచి, తప్పు, చూపించింది బిడ్డను కాదు, ఈనిన ఆవు దూడను అని బల్ల గుద్దాడు.

"ఆయనకు దూడైనా బిడ్డైనా ఒక్కటే సర్కార్" అంది ఈరవ్వ. "మాకు పిల్లలు లేరు. దూడ పుడితె ఆయన పురుడే జేస్తడు."

పేష్కారు అది ఉర్దూలోకి దించుతుంటే మున్సిఫ్ సాహెబు ఒప్పే అని తల ఊపాడు. వకీలు కూలబడ్డాడు.

తెల్ల దారం గొట్టాన్ని ఆమె మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నది. అందులో మాట గట్టిగానే ఉంది, కానీ చివర్లో గొంతు జీరబోయింది. ఇది కోపం కాదంది. కూడు తినకుండా అలిగిపోయిన పిల్లవాణ్ణి చీకటి పడకముందే ఇంటికి రమ్మని పిలిచినట్టుందని చెప్పింది. ఎవరిని పిలిచాడో మాత్రం తనకు తెలియదంది. ఆ నాడు డాక్టరు మైసన్నకు తమ్ముడి పేరు చెప్పాడు, అంతే. ఆ మాట సాహెబు బయటపెట్టగానే అందరి కళ్లూ పోచన్న మీద పడ్డాయి. వాడు పంచె కొసతో కళ్లు ఒత్తుకుంటూ లేచాడు.

"నేను తిట్టిండనుకున్న సర్కార్. అర్జీ వాపస్ తీస్కుంట."

అర్జీ వాపసు తీసుకుంటే చాలదని మున్సిఫ్ సాహెబు చెప్పాడు. మతి ఉందో లేదో కోర్టు తేల్చి రాయకపోతే రేపు ఇంకొకరు ఇదే అర్జీ తెస్తారు. పైగా ఇంకో డబ్బా మిగిలే ఉంది. నిజం చెప్పాలంటే ఆ డబ్బా వినకుండా లేచిపోయే ఓపిక ఆ గదిలో ఎవరికీ లేదు, సాహెబుకు అసలే లేదు.

పసుపు దారం విప్పారు. ముందు ఒక ఊపిరి వినిపించింది. తర్వాత మాట వచ్చింది. మెల్లగా, ఏ తొందరా లేకుండా, ఒక్కో అక్షరం దగ్గర కాసేపు ఆగి, మళ్లీ కదిలి వచ్చింది.

ఈరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాపురానికొచ్చిన నాటి నుంచి వండింది బాగుందని గానీ, కట్టింది బాగుందని గానీ ఆయన అన్నవాడు కాదు. మాటలన్నీ ఉన్న రోజుల్లో ఆమె కోసం ఒక్కటీ ఖర్చు పెట్టలేదు. ఇప్పుడు మిగిలిన ఒక్క మాటలో అంతా కుమ్మరించాడు. అది కూడా ఆమెను బాయి గడ్డ మీదికి తోలేసి, ఇద్దరు పరాయి మొగవాళ్ల ముందు. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ రెంటికంటే ఎక్కువగా సిగ్గు ముంచుకొచ్చింది. కొంగు నోటి మీద నుంచి మొహం మొత్తానికి పాకింది.

చెప్పమని పేష్కారు అడిగాడు. మళ్లీ అడిగాడు.

"నేను జెప్ప" అంది ఈరవ్వ కొంగులోంచి.

చూశారా, తెలియలేదు అని అవతలి వకీలు గొంతు పెంచాడు. అతని మాట జనం నవ్వులో కొట్టుకుపోయింది. మున్సిఫ్ సాహెబు కూడా నవ్వాడు. ఆయనది హైదరాబాదు, తెలుగు ముక్క రాదు. నీ పెండ్లాం గురించి ఏమైనా చెబుతావా అని మైసన్నను అడిగినప్పటి గొట్టం అదని ఆయనకు పొద్దుననే తెలుసు, కానీ తెలియకపోయినా ఫరక్ పడేది కాదు. మైసన్నకు మతి సరిగ్గా ఉందని, ఆయన వేలిముద్ర, ఆయన ఔను, ఆయన కాదు అన్నీ చెల్లుతాయని, తమ్ముడి అర్జీ కొట్టేశానని తీర్పు చెప్పేశాడు. పేష్కారు చకచకా రాసుకుంటూ వచ్చి ఒక చోట కలం ఆపాడు. ఆఖరి గొట్టానికి సాక్షి జవాబు ఏమని రాయాలో అతనికి అంతు పట్టలేదు.

"సాక్షి చెప్పడానికి సిగ్గుపడింది. కోర్టుకు అర్థమైంది. అట్లాగే రాయి" అన్నాడు సాహెబు.

ఆ వాక్యాన్ని నర్సింహులు వరండాలోకి పోయి మైసన్నకు తెలుగులో చెప్పాడు. మైసన్న కాసేపు అతని మొహం చూసి, తర్వాత కడుపు కదిలేట్టు నవ్వాడు. నవ్వు మాత్రం పక్షవాతానికి చిక్కలేదు. పోచన్న వచ్చి, ఈ పక్క నేను పట్టుకుంటా వదినె అని అన్న కుడి చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. ముగ్గురూ బజారు మధ్యలో నుంచి నడిచారు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పోచన్నే గొంతెత్తి కేసు గెలిచామని చెప్పాడు, ఓడింది తానేనన్న సంగతి మరిచిపోయి. ఈరవ్వ మాత్రం ఇల్లు చేరేదాకా మొహం మీది కొంగు తీయలేదు.