కొరంటిన్ పొలంలోని నిలువురాయి

గూల్వెన్‌కి అరవై తొమ్మిదేళ్లు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ప్రతి ఆదివారం పొద్దున్నే ఊళ్లోవాళ్లనీ, సెలవులకి వచ్చినవాళ్లనీ వెంటేసుకుని కొండ చుట్టూ పదకొండు కిలోమీటర్లు నడిపిస్తాడు. ముందు పాత ప్రార్థనామందిరం, అందులో దూలాల చివర చెక్కిన రాక్షసుల నోళ్లు. తర్వాత పసుపుపూల ముళ్లపొదల మధ్య రాతిపలకల సమాధి. ఆ పైన కాలువ గట్టు. లాకు దగ్గర చిన్న పడవలెక్కి తెడ్లేసుకుంటూ ఊరికి తిరిగి రావడం. దారిలో ఏ రాయి గురించి ఎవరడిగినా అతను తడుముకోడు. ఒక్క రాయి ఊసు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఆ రాయి కొరంటిన్ పొలంలో ఉండేది. రెండు నిలువుల ఎత్తు, వేల ఏళ్ల కిందట ఎవరో నిలబెట్టింది. 1971లో సర్కారు చిన్న చిన్న పొలం చెక్కలన్నీ కలిపి పెద్ద కమతాలు చేస్తున్నప్పుడు గూల్వెన్‌కి ఇరవై రెండేళ్లు. సైన్యంలో తప్పనిసరి ఏడాది ముగించుకొచ్చి, ఒక కాంట్రాక్టరు దగ్గర బుల్డోజర్ తోలే పనిలో చేరాడు. తాతల నాటి గట్లనీ, వాటి మీది చెట్లనీ రోజుకింత చొప్పున నేలమట్టం చేస్తూ కొరంటిన్ పొలం దాకా వచ్చాడు.

అప్పటికి కొరంటిన్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. మొగుడు సరుకుల ఓడలో పనికి వెళ్లి సముద్రంలో పోయి మూడేళ్లయింది. శవం దొరకలేదు. పెళ్లికి ముందు వాళ్లిద్దరూ కలుసుకున్నది ఆ రాయి నీడలోనే. శ్మశానంలో అతనికి జానెడు చోటైనా లేకపోవడంతో, ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె కూతురు చేయి పట్టుకుని ఆ రాయి దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చేది.

"అబ్బాయ్, గట్లన్నీ తీసేసుకో, నేనేం అనను," అంది ఆమె, వేడి వేడి అట్ల మీద వెన్న రాసి అతని ముందు పెడుతూ. "ఆ రాయి జోలికి మాత్రం పోకు. మా ఆయనది అంటూ నాకు మిగిలింది అదొక్కటే."

"మీరు నిశ్చింతగా ఉండండి అత్తా. నేనుండగా దానికేం కాదు," అన్నాడు గూల్వెన్, నోటినిండా అట్టు పెట్టుకుని.

ఆమె ఆ మాట నమ్మి, మూడో రోజు కూతుర్ని తీసుకుని అక్కగారింటికి వెళ్లింది. ఆ పొద్దున్నే మేస్త్రీ దిగాడు.

"ఏంటి, ట్రాక్టర్లు దీని చుట్టూ ప్రదక్షిణలు చేయాలా? మధ్యాహ్నానికల్లా పొలం చదునైపోవాలి. నీకు చేతకాదంటే చెప్పు, బండెక్కడానికి బోలెడుమంది ఉన్నారు."

గూల్వెన్ 'మాటిచ్చాను' అని ఒక్క ముక్క అనుంటే సరిపోయేదేమో. అనలేదు. గొలుసు వేసి లాగాడు. రాయి ఒరిగి, పడటం పడటం మూడు ముక్కలైంది. ఆ ముక్కల్ని లాకు దగ్గరికి తోలించి, నీళ్లలోకి దిగే వాలులో అడుగున వేసి పైన మట్టి కప్పేశారు.

కొరంటిన్ తిరిగొచ్చి ఖాళీ పొలంలో నిలబడి, "ఎవరు చేశారు?" అని మాత్రం అడిగింది.

"నాకా రోజు జ్వరం అత్తా, పనికి రాలేదు. అల్సిడ్ తోలాడు," అన్నాడు గూల్వెన్.

అల్సిడ్ రెండో డ్రైవరు. దూరాన నాంత్ పట్నం వైపునుంచి పెళ్లాంబిడ్డలతో వచ్చి ఊరి చివర అద్దెకుంటున్నాడు. ఈ ప్రాంతంలో నా అన్నవాళ్లు లేనివాడు. వేసవి వెళ్లేలోగా వాళ్లు ఊరు విడిచిపోయారు. ఎందుకని గూల్వెన్ అడగలేదు.

నలభై ఏడేళ్ల తర్వాత, జూన్‌లో ఒక ఆదివారం, నడకకొచ్చినవాళ్లలో కొరంటిన్ కూతురు ఎనోరా కనిపించింది. బ్రెస్ట్ పట్నంలో ఉద్యోగం మానేసి తల్లికి దగ్గరగా ఉందామని ఊరికొచ్చేసింది. తల్లి ఇప్పుడు ముసలివాళ్ల ఆశ్రమంలో ఉంది.

దారి పొడుగునా గూల్వెన్ స్నేహితుడు జోబిక్ అతన్ని ఏడిపిస్తూనే ఉన్నాడు. "వీడు రాళ్లకి కూడా పుట్టినరోజులు చెప్తాడమ్మా. పెళ్లాం పుట్టినరోజు మాత్రం చచ్చినా గుర్తుండదు!"

"నోర్ముయ్‌రా, పడవలు దింపు," అన్నాడు గూల్వెన్ నవ్వుతూ.

లాకు దగ్గర వాలు మీద తెడ్లు పంచుతుంటే ఎనోరా పక్కకొచ్చింది. "బాబాయ్, మా పొలంలో ఒక నిలువురాయి ఉండేది గుర్తుందా? అమ్మ ఈమధ్య రోజూ దాని గురించే అడుగుతోంది. ఆ ముక్కలు ఎక్కడ పారేశారో నీకేమైనా తెలుసా?"

సరిగ్గా ఆ ముక్కల మీదే నిలబడి ఉన్నాడు గూల్వెన్. "ఎప్పటి మాటమ్మా అది," అన్నాడు. "ఎవరికి తెలుస్తుంది."

ఆ రోజు అతను తెడ్డు వేస్తుంటే రెండుసార్లు పడవ రెల్లులోకి దూరింది. జోబిక్ వెక్కిరిస్తుంటే తెడ్డుతో రెల్లుని నెట్టి పడవని బయటికి తెచ్చుకున్నాడు.

వెళ్లి చెప్పేద్దామని ఆ రాత్రే అనుకున్నాడు. కానీ జూలైలో మందిరం ఉత్సవం వచ్చింది, ఆగస్టులో సైకిల్ పందేలు వచ్చాయి, సెప్టెంబర్లో పాత కట్టడాలు చూపించే రెండు రోజులు వచ్చాయి. వంకలకి కరువేముంది? అక్టోబర్లో, నడకలు ఆగిపోయాక, వెన్నరొట్టె ఒకటి కొనుక్కుని ఆశ్రమానికి వెళ్లాడు.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది కొరంటిన్. ఎనభై ఐదేళ్లు. మనిషి చిక్కిపోయింది గానీ చూపు మాత్రం అలాగే ఉంది. అతను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు. జ్వరం రాలేదనీ, గొలుసు తనే వేశాననీ, ముక్కలు ఫలానా చోట ఉన్నాయనీ.

ఆమె కుర్చీలో ముందుకి వంగింది.

"అల్సిడ్ కాదా?" అంది.

"కాదత్తా."

"రొట్టెల కొట్టు ముందు, అందరూ చూస్తుండగా వాడి కాళ్ల దగ్గర ఉమ్మేశాను. పక్కన వాడి పెళ్లాం, చంకలో పిల్ల. 'నేను కాదమ్మా, ఒట్టు' అంటూనే ఉన్నాడు. ఇంకా గట్టిగా తిట్టాను. కాంట్రాక్టరు దగ్గరికెళ్లి గోల చేశాను. ఆయన నిజానిజాలు కనుక్కోకుండా, గొడవ వదిలితే చాలని వాణ్ని పనిలోంచి తీసేసేదాకా ఊరుకోలేదు."

ఆ రోజుల్లో వేరే ఊళ్లో బండి తోలుతున్న గూల్వెన్‌కి ఇదేదీ తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించనూ లేదు. "క్షమించండత్తా," అన్నాడు.

"రాయి పోతే పోయింది. నువ్వు కుర్రాడివి, వాళ్లు తొందరపెట్టారు, అది నాకర్థమవుతుంది. కానీ ఆ మనిషి మీద నన్నెందుకు ఉసిగొల్పావ్? నలభై ఏడేళ్లుగా వాణ్ని తిట్టుకోని రోజు లేదు నాకు. ఇప్పుడు రొట్టె పట్టుకుని వచ్చి నీ బరువు దించుకున్నావ్. నేనెక్కడ దించుకోను?"

అతను రొట్టె బల్ల మీద పెట్టాడు. వెళ్లడానికి తలుపు వైపు తిరిగాడు.

"కూర్చో. వాడికి ఉత్తరం రాద్దాం. నువ్వే రాయాలి, నీ చేత్తోనే."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. తను చేసింది కూడా కింద రాసి సంతకం పెట్టాడు. అల్సిడ్ పోయి ఇరవయ్యేళ్లు దాటిందని ఎనోరా కనుక్కుంది. సాన్-నజేర్ దగ్గర అతని కూతురుందని తెలిస్తే, ఉత్తరం ఆమె చిరునామాకి పంపారు.

జనవరిలో జవాబొచ్చింది. గూల్వెన్ ఆశ్రమానికి తీసుకెళ్లి, అద్దాలు పెట్టుకుని చదివాడు.

"మీ ఉత్తరం అందింది. నాన్న చివరిదాకా 'ఆ రాయి నేను పడగొట్టలేదు' అంటుండేవాడు. తాగినప్పుడు మరీను. మేమెవరం పట్టించుకోలేదు. అమ్మ కూడా నమ్మలేదు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. మీరు ఐదేళ్ల ముందు రాసుంటే బాగుండేది."

"మళ్లీ చదువు," అంది కొరంటిన్.

మళ్లీ చదివాడు. ఆమె చేయి చాపితే కాగితం ఇచ్చాడు. అద్దాలు లేక అక్షరాలు ఆనకపోయినా దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. అతని వైపు చూడలేదు.

ఆ తర్వాత గూల్వెన్ ప్రతి గురువారం వెళ్లేవాడు. వానల గురించి, బంగాళాదుంపల గురించి, ఎవరింట్లో ఎవరు పోయారనే దాని గురించి మాట్లాడుకునేవారు. ఆమె క్షమించానని అనలేదు, రావద్దనీ అనలేదు. మార్చి మొదట్లో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

ఏప్రిల్ వచ్చింది. జోబిక్ వచ్చి ఈ ఏడాది నడకలు ఎప్పుడు మొదలెడదామని అడిగితే, "నువ్వు తీసుకెళ్లరా, ఆ లాకు దగ్గర వాలు దిగడం నా వల్ల కాదు," అన్నాడు గూల్వెన్. జోబిక్ వేళాకోళం ఆడబోయి, అతని మొహం చూసి, పడవల తాళాలడిగి తీసుకున్నాడు.