ఇరవై ఒకటో రోజు

స్లాబు పోశాక ఇరవై ఒక్క రోజులకు ముందు ఎవడైనా దాన్ని కింద నుంచి మోసే సెంట్రింగ్ గుంజలు విప్పితే మేస్త్రి మనిషి కాడు. పద్దెనిమిదో రోజున నాలుగు గుంజలు లాగేసిన పనివాణ్ణి సాయంత్రం దాకా కూడా ఉండనివ్వకుండా వెళ్లగొట్టాడు. "కాలం చేసే పని చెయ్యి చెయ్యలేదురా" అని సైటంతా వినబడేలా అరిచాడు. ఆ మాట పనివాళ్ల నోళ్లలో సామెతై కూర్చుంది.

అలాంటివాడికి కుడి భుజంలో, కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ తెగింది. ముప్పై ఏళ్లు తలపైకి చెయ్యెత్తి కప్పులకు సిమెంటు పామితే తెగక ఏం చేస్తుంది? డాక్టరు దాన్ని దారాలతో మళ్లీ ఎముకకు కుట్టి, చేతిని గుడ్డ జోలెలో పెట్టాడు. కసరత్తు చేయించే అమ్మాయి వారానికి రెండుసార్లు అతన్ని పడుకోబెట్టి, తనే చెయ్యి పట్టుకుని మెల్లగా లేపేది.

"ఆరు వారాల దాకా చెయ్యి నేను లేపితేనే లేవాలి మేస్త్రిగారూ, మీ అంతట మీరు లేపకూడదు. కుట్టినది ఎముకకు అతుక్కోవాలి. బరువు పనులు ఆర్నెల్లు మర్చిపోండి" అని చెప్పి, ఏ వారం ఏ కసరత్తో బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టింది.

మేస్త్రి తలూపాడు. తలూపడానికి భుజంతో పనిలేదు కదా.

ఇంటికొచ్చాక సొంత లెక్క వేసుకున్నాడు. పైన ఇంటిల్లిపాదినీ మోసే స్లాబుకే ఇరవై ఒక్క రోజులు చాలితే, బెత్తెడు భుజానికి ఆరు వారాలెందుకు? నిజానికి ఈ లెక్క వెనక ఉన్నది భయం. సైటులో తన చోట బావమరిది నిలబడ్డాడు. వాడికి తాపీ పట్టుకోవడం నేర్పింది తనే.

"మీ తమ్ముడు నా కుర్చీకి ఎసరు పెట్టాడు" అన్నాడు భార్యతో.

"వాణ్ణి అంటే అన్నారు గానీ ఆ జోలె మాత్రం విప్పకండి. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అందామె. ఎడం చేత్తో తినలేక సగం ఒళ్లో పోసుకుంటున్నవాడికి ఆ మాట ఎక్కలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే జోలె విప్పి తలుపు వెనక మేకుకు తగిలించాడు. గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకి లేపాడు. కాగితంలో అది ఆఖరి వరుసలో ఉన్న బొమ్మ. పెద్ద నొప్పి లేదు. నొప్పి లేదంటే అతుక్కున్నట్టే అనుకుని తిన్నగా సైటుకు పోయాడు.

గదుల కప్పులన్నీ పూర్తయ్యాయి. హాలు కప్పు ఒక్కటి ఎవరూ ముట్టుకోలేదు.

"అది నీ చేతి పని బావా. ఓనరు రోజూ పోరుతున్నాడు, మా బావ వచ్చేదాకా ఆగాల్సిందే అన్నా" అన్నాడు బావమరిది. అప్పుడు చూశాడు. "జోలేది?"

మేస్త్రికి సిగ్గేసింది. సిగ్గుపడ్డవాడు ఇంటికి పోవచ్చు. ఇతను ఆ సిగ్గు దాచుకోవడానికి పరంజా ఎక్కి తాపీ అందుకున్నాడు. బావమరిది ఆపేలోపే మొదటి ముద్ద కప్పుకు కొట్టాడు. రెండో ముద్దకు భుజం లోపల పాత గుడ్డ చిరిగినట్టయింది. తాపీ కింద పడింది.

మళ్లీ కుట్టినా నిలవదన్నాడు డాక్టరు. చెయ్యి ఇక భుజం దాటి లేవదన్నాడు. కసరత్తు అమ్మాయి తిట్టలేదు. "ఇంకో మూడు వారాలే కదండీ" అని ఊరుకుంది. తిట్టినా బాగుండేది.

హాలు కప్పు బావమరిదే పూర్తి చేశాడు. మేస్త్రి కింద నిలబడి వంక కోసం వెతికాడు. దొరకలేదు. ఏడుపొచ్చింది.

ఇప్పుడు సైటులో కుర్చీలో కూర్చుని ఎడం చేత్తో పని చూపిస్తున్నాడు. ఆ కుర్చీ ఎవరూ అడగలేదు, ఎప్పుడూ అడగలేదు. మొన్న పై అంతస్తు స్లాబుకు ఇరవై ఒక్క రోజులు నిండాయి.

"బావా, సెంట్రింగ్ విప్పమంటావా?"

మేస్త్రి కుర్చీలోంచి లేచి ఎడం చేత్తో ఒక గుంజను తడిమాడు.

"ఆరు వారాలుండనీరా."

ఎవడో నవ్వబోయి బావమరిది మొహం చూసి ఆగాడు. స్లాబుకు అన్నాళ్లు అక్కర్లేదని అక్కడ అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఒక్క గుంజ కూడా కదపలేదు.