పొట్ట మీద తెల్లచుక్కలు

ఈల వినగానే ఎర్రావు మేత మానేసి తలెత్తింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. మాదప్ప ఈల.

సాకమ్మ చేతిలో కొడవలి ఆగిపోయింది. ఆమె మొగుడు మాదప్ప మూడేళ్ల కిందట పశువులను తోలుకుని కొండెక్కాడు. సాయంత్రానికి పశువులు మాత్రమే వాళ్ల ఊరు పెరియంపట్టికి దిగివచ్చాయి. తీర్థమలై కొండ దాకా వెతికినా మనిషి జాడ లేదు. దొరకని మనిషికి మూడేళ్లు చూసి, శవానికి బదులు గడ్డిబొమ్మ కాల్చడం వాళ్ల ఆచారం. ఈ పొద్దు గుంకేలోగా బొమ్మ కాలాలి, ఆమె తాళి తీయాలి. మరిది అంజప్పతో కలిసి ఆ బొమ్మకే ఆమె గడ్డి కోస్తోంది.

"విన్నావా అంజప్పా?"

అంజప్ప ఆవు వీపు చూపించాడు. అక్కడ పసులపోలిగాడు పిట్ట కూర్చుని ఉంది. నిగనిగలాడే నలుపు, రెండుగా చీలిన తోక. ఆవు అడుగు వేస్తే లేచే మిడతను గాల్లోనే పట్టుకుని మళ్లీ వీపెక్కే పిట్ట. డేగ అరుపైనా సరే, విన్నది విన్నట్టు అరుస్తుంది. అది నోరు తెరిచింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

"అన్న దగ్గిర నేర్చుకొనింది. దాన్నే మొగుడనుకొని సంగటి పెడతావేమో వదినె."

సాకమ్మ ఆవు దగ్గరికి వెళ్లింది. పిట్ట పొట్ట మీద పొలుసుల్లా తెల్లచుక్కలు.

"చుక్కలు చూడు. ఇది పిల్ల. ఈ ఎండాకాలంలోనే గుడ్డులోనించి వచ్చింది."

"వస్తే?"

"పశువులు కాసేవాళ్లల్లో ఎవురి ఈల వాళ్లదే. పోయినోని ఈల ఇంకొకరు వెయ్యరు. మూడేండ్లుగా ఊర్లో లేని ఈల దీనికి ఎవురు నేర్పినారు?"

"తల్లిపిట్ట నేర్పింటుంది," అన్నాడు అంజప్ప. గొంతు మాత్రం తగ్గింది.

పిట్ట నోరు మూసుకుని కొండవైపు తిరిగింది. అప్పుడు పైనున్న తుమ్మపొదల్లోంచి ఈల వచ్చింది. రెండు పొట్టివి. మూడోది సగంలో తెగి, దగ్గు వినిపించింది.

పశువులన్నీ ఒక్కసారిగా కొండవైపు కదిలాయి.

"పోవద్దు వదినె. మనిషే అయితే, ఇంత దగ్గిరుండి మూడేండ్లు ఇంటికి రాకుండా ఉంటాడా?"

"మనిషో కాదో ఎర్రావే చెప్తుంది," అంది సాకమ్మ. కోసిన గడ్డిమోపు విప్పి ఎర్రావు దారికి అడ్డంగా పరిచింది. ఇంకా ఆకలి తీరని ఆవు దాన్ని వాసన కూడా చూడకుండా తొక్కుకుంటూ పైకి నడిచింది. వీపు మీద పిట్ట కదలకుండా కూర్చుంది.

తాళిని పిడికిట్లో బిగించి, సాకమ్మ ఆ ఆవు వెనకే కొండెక్కసాగింది.